చక్రమును త్రిప్పు నూనె, చక్రమును నిలుపు నూనె

కొన్ని సంవత్సరముల క్రిందట మేము అరకు లోయనుండి విశాఖపట్టణమునకు కాపురము మార్చితిమి. సామానులకై ఒక పికప్ ట్రక్కును కుదుర్చుకొంటిమి. ముందునాటి సాయంకాలము బండి వచ్చి మా వాకిట నిలిచినపుడు, దాని ముందుభాగము క్రింద నేలపై నాలుగైదు ఎఱ్ఱని బొట్లు కనబడినవి. డ్రైవరు వంగి చూచి, "స్టీరింగు ఆయిలు తగ్గినట్టుందిరా, కాస్త పొయ్యి" అని తన సహాయకునితో చెప్పి కాళ్ళు కడుగుకొనబోయెను. ఆ కుఱ్ఱవాడు బానెట్టు ఎత్తి, ఒక మూత తీసి, సీసాలోని ఆయిలు పోసి, మూత బిగించెను. అతడు తీసిన మూత ఏదియో ఎవరును చూడలేదు.

మరునాటి ఉదయము బయలుదేరితిమి. అనంతగిరి వద్ద టీ త్రాగుటకై ఆగబోవు సమయమున డ్రైవరు గేరు తప్పించి బండిని దానంతట దానిని పోనిచ్చెను. కొంచెము వాలుగా ఉన్న చోటనే బండి నాలుగడుగులు కదలి నిలిచిపోయెను. అతడు బ్రేకుపై కాలు మోపనేలేదు. దిగి చూడగా నాలుగు చక్రములనుండియు కాలిన వాసన వచ్చుచుండెను. అతడు చాలసేపు మాటాడక నిలుచుండి, తుదకు "ఇక్కడినుంచి దిగితే దిగినట్టే, బాబూ. బండి కదలనివ్వను" అనెను. మేము తొందరపడితిమి, అతడు వినలేదు. వినకపోవుట మా అదృష్టము.

తరువాత తెలిసినదేమనగా, స్టీరింగునకు పోయవలసిన ఆయిలు బ్రేకు డబ్బాలో పడినది. రెండింటిని మనము ఆయిలనియే పిలుచుచున్నాము. కాని ఆ రెండును ఒక జాతికి చెందినవి కావు. ఒకే పేరు వాటికి ఎట్లు వచ్చినది? ఒకటి మరియొకదానితో కలిసినచో ప్రాణాపాయము ఏల కలుగును? ఈ ప్రశ్నలకు సమాధానము బండి బానెట్టు క్రింద కంటె చరిత్రలోనే స్పష్టముగా కనబడును.

ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దమున ఒక సూత్రమును ప్రతిపాదించెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా ప్రసరించునని దాని భావము. చిన్న పిస్టనును ఒక బలముతో నొక్కినచో, దానికి పదిరెట్ల వైశాల్యము గల పెద్ద పిస్టను పదిరెట్ల బలముతో లేచును. ఆయన 1662లో మరణించెను. ఈ విషయమును తెలుపు గ్రంథము 1663లో వెలువడెను. మనిషి కాలిబలమును వందల మణుగుల బరువును ఆపు బలముగా మార్చు విద్య అంతయు ఈ ఒక్క వాక్యములోనిదే.

అయినను సూత్రము తెలియుట వేరు, యంత్రము పనిచేయుట వేరు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో నీటి ఒత్తిడితో పనిచేయు ప్రెస్సునకు పేటెంటు పొందెను. దాని పెద్ద పిస్టను చుట్టు నీరు కారిపోవుటయే ఆ యంత్రమునకు ప్రథమ శత్రువు. గట్టిగా బిగించినచో పిస్టను కదలదు. వదులు చేసినచో నీరు నిలువదు. ఆయన కర్మాగారమున పనిచేసిన హెన్రీ మాడ్స్లే ఈ చిక్కును విప్పెనని చెప్పుదురు. గిన్నెవలె వంచిన తోలుపట్టీని ఆయన పిస్టను చుట్టు అమర్చెను. లోపలి ఒత్తిడి పెరిగినకొలది ఆ తోలు అంచు గోడకు మరింత గట్టిగా హత్తుకొనును. ఒత్తిడి తగ్గినపుడు పట్టు సడలించి పిస్టనును కదలనిచ్చును. నేటి బ్రేకులోని రబ్బరు గిన్నె ఈ తోలుగిన్నెకు మనుమడే. కావున కారుట అనునది క్రొత్త జబ్బు కాదు. ద్రవబలముతో పాటు పుట్టిన జబ్బు.

ఇక పికప్ ట్రక్కు కథకు వత్తము. అమెరికాలో హెన్రీ ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టీ కారునకు వెనుక సామానుల పెట్టెను బిగించి, కర్మాగారమునుండియే పికప్పుగా అమ్మకమునకు పెట్టెను. వెల 281 డాలర్లు. ఇంజను బలము 20 అశ్వశక్తులు. దాని కాలిబ్రేకు చక్రములను పట్టుకొనునది కాదు. గేరుపెట్టెలోని ఒక డ్రమ్మును పట్టీతో బిగించునది. వెనుక చక్రములకు చేతిబ్రేకు ఉండెను. ముందు చక్రములకు బ్రేకే లేదు. స్టీరింగును త్రిప్పునది కేవలము రైతు భుజబలము. అందు కారుటకు స్టీరింగు ఆయిలు లేదు, మరుగుటకు బ్రేకు ఆయిలు లేదు.

కాని అప్పటికే మార్పు ఆరంభమైనది. విమాన నిర్మాణమున పేరుపొందిన లాకీడ్ సోదరులలో ఒకడైన మాల్కం, 1917లో ద్రవబలముతో పనిచేయు బ్రేకునకు పేటెంటు పొందెను. కడ్డీలతోను తీగలతోను లాగు బ్రేకులలో నాలుగు చక్రములకు సమానమైన పట్టు కుదురుట దుర్లభము. ఒక తీగ సాగినచో బండి ఒక ప్రక్కకు లాగును. పాస్కల్ సూత్రము చొప్పున ద్రవము అన్ని చక్రములకును సమానమైన ఒత్తిడిని పంచిపెట్టును. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులతో వెలువడెను. 1924లో వాల్టర్ క్రైస్లర్ పేరిట వచ్చిన కారు ఈ సౌకర్యమును మధ్యతరగతి ధరకు దింపెను. షెవ్రొలే 1936లో ఈ మార్గమునకు వచ్చెను. ఇనుప కడ్డీలనే నమ్మిన ఫోర్డు 1939 మోడళ్ళలో గాని మారలేదు. తొలి లాకీడ్ బ్రేకులలోని తోలుగిన్నెలు కారుచుండెడివి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి స్థానమున రబ్బరు గిన్నెలను పెట్టి ఆ లోపమును సవరించిరి.

ఇచ్చటనే మన ప్రశ్నకు మొదటి సమాధానము దొరకును. రబ్బరు వచ్చినది, కాని ఇంజనునకు పోయు ఖనిజతైలము తగిలినచో సహజమైన రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడగును. కావున రబ్బరునకు హాని చేయని ద్రవము కావలసెను. అట్టిది ఏది? ఆముదము! మన తెలంగాణపు మెట్టపొలములలో పండు ఆముదపు గింజల నూనెయే. చిక్కని ఆముదమును ఆల్కహాలుతో పలుచన చేసి ఆనాటి బ్రేకులలో పోసిరి. నూనె కలిసినది గనుక దానిని ఆయిలనుట తప్పు కాలేదు. తరువాతి కాలమున గ్లైకాలు సంబంధమైన ద్రవములు ఆముదమును తొలగించినవి. నూనె పోయినది, పేరు మాత్రము మిగిలినది. నేడు సాధారణ వాహనములలో మనము పోయు బ్రేకు ఆయిలు నిజమునకు నూనె కాదు. అది నీటితో కలియును, గాలిలోని తేమను పీల్చుకొనును, బండి రంగుపై పడినచో రంగును తినివేయును.

స్టీరింగు ఆయిలు చరిత్ర వేరొక దారి పట్టినది. పియర్స్-ఆరో కంపెనీ ట్రక్కుల శాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు, బరువు బండ్ల స్టీరింగు త్రిప్పుటకు డ్రైవర్లు పడు శ్రమను చూచెను. ఉద్యోగము మాని, మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్థమ్ పట్టణమున ఈ పనికి పూనుకొనెను. ఆనాటి యంత్రములలో కవాటములను మూసియుంచి, నూనెను నిరంతరము గొప్ప ఒత్తిడిలో నిలిపియుంచుట వాడుక. అట్లు బంధింపబడిన నూనె ఏ సందు దొరికినను వెలికి వచ్చును. డేవిస్ ఆ పద్ధతిని తలక్రిందులు చేసెను. కవాటమును తెరచియుంచి, పంపు నూనెను ఊరక త్రిప్పుచుండునట్లు చేసెను. డ్రైవరు స్టీరింగు త్రిప్పినపుడు మాత్రమే కవాటము దారిని ఇరుకు చేయును. అపుడే ఒత్తిడి పుట్టి చక్రములను త్రోయును. అనగా పవరు స్టీరింగు జన్మరహస్యమే కారుటకు కనుగొన్న విరుగుడు.

1926లో డేవిస్ తన పరికరమును అమర్చిన పియర్స్-ఆరో కారును డెట్రాయిట్ నగరమునకు నడిపించుకొనిపోయి జనరల్ మోటార్స్ వారికి చూపెను. వారు ఒప్పందము చేసికొనిరి. కాని ఆర్థికమాంద్యము వచ్చెను. ఖర్చు హెచ్చని 1934లో వారు ఆ పనిని విరమించిరి. డేవిస్ 1936లో బెండిక్స్ కంపెనీతో చేతులు కలిపెను. రెండవ ప్రపంచయుద్ధమున కవచవాహనములకు అతని స్టీరింగు అమరెను. తుదకు 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పవరు స్టీరింగును విపణికి తెచ్చినది. అందుకు గడువు తీరిన డేవిస్ పేటెంట్లే ఆధారము. మరుసటి సంవత్సరము కాడిలాక్ కార్లలోను అది వచ్చెను. పాతిక సంవత్సరముల నిరీక్షణ అది. పవరు స్టీరింగు క్రమముగా పికప్పులకును ప్రాకినది. దీనియందు ఖనిజతైలజాతి ద్రవమునే వాడిరి. దానికి తగిన వేరు రబ్బరుతో సీళ్ళు చేసిరి. ఇట్లు ఒకే బానెట్టు క్రింద, ఒకరి రబ్బరును మరొకరు చెఱచు రెండు ద్రవములు కాపురముండ సాగినవి.

1970 దశకమున ఈ రెండు కాపురములకు నడుమ గోడ మఱింత పలుచనైనది. పెట్రోలు ఇంజను గాలి పీల్చుటలో పుట్టు శూన్యమును పట్టి బ్రేకు బూస్టరును నడుపుట పాత పద్ధతి. డీజిలు ఇంజనులో అట్టి శూన్యము లభింపదు. అందుకు బెండిక్స్ వారు స్టీరింగు పంపు ఒత్తిడితోనే బ్రేకునకు బలమిచ్చు బూస్టరును చేసిరి. అమెరికాలోని బరువైన డీజిలు పికప్పులలో ఇది విరివిగా అమరినది. ఇంజను ఆగిపోయినను రెండు మూడు సార్లు బ్రేకు వేయుటకు చాలినంత ఒత్తిడిని ఇది దాచియుంచును. కాని స్టీరింగు ఆయిలు కారిపోయినచో స్టీరింగు బరువెక్కుటయే గాక, పెడలు కూడ రాయివలె గట్టిపడును. అట్టి బండి క్రింద పడిన ఎఱ్ఱబొట్టు స్టీరింగును గూర్చియే గాక బ్రేకును గూర్చియు హెచ్చరించుచున్నదని గ్రహింపవలెను.

ఈ చరిత్ర మనకు నేర్పు పరీక్షావిధానమేది? మొదట బొట్టును గుర్తింపవలెను. తెల్లని అట్టను రాత్రి బండి క్రింద పరచి ఉదయమున చూచుట మంచి పద్ధతి. ఎఱ్ఱగానో గులాబిరంగుగానో జిడ్డుగా ఉన్నచో అది సాధారణముగా స్టీరింగుదో, స్వయంచాలక గేరుపెట్టెదో. లేత పసుపుగా, పలుచగా ఉండి, చక్రము వద్దనో పెడలు వద్దనో కనబడినచో బ్రేకుది. నల్లనిది ఇంజనుది. పాతబడినపుడు అన్నియు నలుపెక్కును గనుక, రంగుతో పాటు డబ్బాలలోని మట్టములను కూడ చూడవలెను. ఏది తగ్గినదో అదియే కారుచున్నది.

రెండవది, బొట్టు పడిన చోటు కారిన చోటు కాదు. నూనె క్రిందికి జారును, గాలికి వెనుకకు ప్రాకును. అందుచేత ఆ భాగమునంతయు శుభ్రముగా తుడిచి, కొంతదూరము నడిపి, తడిసిన చోట్లలో మిక్కిలి ఎత్తైనదానిని వెదకవలెను. పంపు ఇరుసు సీలు, డబ్బాకు పంపునకు నడుమ రబ్బరు వలయము, ఒత్తిడి గొట్టమునకు లోహపు మూతి నొక్కిన చోటు, తిరుగుగొట్టపు పట్టీ, గేరుపెట్టె అడుగు ఇరుసు సీలు, ద్రవముతో నడుచు బూస్టరున్నచో దానికి మాస్టరు సిలిండరునకు నడుమ సందు, ఇవి వరుసగా చూడవలసిన చోట్లు. స్టీరింగు త్రిప్పునపుడు పంపు మూలిగినచో నూనె తగ్గి గాలి చేరినదని అర్థము. స్టీరింగును చివరివరకు త్రిప్పి పట్టియుంచినచో ఒత్తిడి చదరపు అంగుళమునకు వేయి పౌనులు దాటవచ్చును. ఆ సమయమున సూదిమొన వంటి సందునుండి వెలువడు నూనెధార చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. కావున ఇంజను నడుచుచుండగా చేతితో తడిమి వెదకరాదు.

ఇక వేడి సంగతి. బ్రేకు వేగమును నశింపజేయదు, వేడిగా మార్చును. మూడు టన్నుల బండి గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి ఆగినచో, మూడు లీటర్ల నీటిని ముప్పది డిగ్రీలనుండి మరుగు స్థితికి తెచ్చునంత వేడి పుట్టును. అదే బండి కేవలము బ్రేకుతో 800 మీటర్ల ఎత్తునుండి దిగినచో, గాలి నిరోధమును విడిచి లెక్కించినను, ఎనుబది లీటర్లను మరగించునంత వేడి. ఈ వేడిని భరించు లైనింగునకై ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 20వ శతాబ్దపు తొలి దశకమున రాతినారను వాడుకకు తెచ్చెను. అది వేడికి ఓర్చినది, కాని దాని ధూళి పనివారి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైనదని తరువాత తేలినది. పాత బండ్ల డ్రమ్ములను విప్పినపుడు ధూళిని ఊదివేయక తడిగుడ్డతో తుడువవలెనను నియమము ఆ అనుభవమునుండి వచ్చినదే. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందిన డిస్కు బ్రేకు గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును. 1953లో లె మాన్ పందెమున జాగ్వార్ కారు ఇట్టి బ్రేకులతో గెలిచిన పిదప లోకము దానిని నమ్మినది.

వేడెక్కిన బ్రేకు రెండు విధముల మోసగించును. పెడలు గట్టిగా ఉండియు బండి నిలువకున్నచో లైనింగు పట్టు తప్పినది. పెడలు మెత్తబడి లోనికి పోయినచో బ్రేకు ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుట్టినవి. ద్రవము నొక్కబడదు, ఆవిరి నొక్కబడును. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల వరకు మరుగకూడదని ప్రమాణము. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. కావుననే మరమ్మతులు లేకున్నను దానిని నియతకాలమున మార్చవలెను. మూత తెరచియుంచిన పాత సీసాలోనిది పోయరాదు.

బ్రేకు వేయకయే వేడెక్కినచో చక్రములను పోల్చి చూడవలెను. తాకరాదు; దగ్గరకు చేయి తెచ్చినంతనే తెలియును. ఒక్క చక్రమే వేడైనచో ఆ చక్రపు పిస్టనో, జారుకడ్డీయో బిగిసినది. లేదా రబ్బరు గొట్టము లోపల వాచి ఒత్తిడిని తిరిగి రానీయకున్నది. వెనుక రెండును వేడైనచో చేతిబ్రేకు తీగను అనుమానింపవలెను. నాలుగును వేడైనచో లోపము మూలమున ఉన్నది: పెడలు, బూస్టరు, మాస్టరు సిలిండరు, లేదా వాటిలోని ద్రవము. చక్రమును పైకి లేపి, చల్లారిన పిదప, గాలి తీయు మరను కొంచెము విప్పవలెను. అపుడు చక్రము విడిపోయినచో ఒత్తిడి లోపల చిక్కుకొన్నది. విడిపోకున్నచో అడ్డు చక్రము వద్దనే ఉన్నది. కాలిన డ్రమ్ముపై నీరు చల్లరాదు, అది పగులును.

అనంతగిరిలో మా బండికి జరిగినది ఈ చివరిదే. ఖనిజతైలము తగిలి మాస్టరు సిలిండరులోని గిన్నెలు ఉబ్బి, ద్రవము వెనుకకు మరలు సన్నని రంధ్రమును మూసివేసినవి. బ్రేకు తనంతట తాను పట్టుకొనుచు వచ్చినది. మెకానిక్కు వచ్చి డబ్బాలోని ద్రవమును గాజుగ్లాసులో పట్టగా, పైన ఎఱ్ఱని తెట్టు, క్రింద పసుపు ద్రవము, రెండును విడివిడిగా నిలిచినవి. ఆముదపు కాలమునుండి నేటివరకు గల చరిత్ర అంతయు ఆ గ్లాసులో మాకు కనబడెను. కడిగినచో చాలదని, రబ్బరు తగిలిన ప్రతి భాగమును మార్చవలెనని అతడు చెప్పి, రెండు దినములు పని చేసెను. ఆ కుఱ్ఱవాడు తలవంచుకొని నిలుచుండెను. డ్రైవరు వానిని తిట్టలేదు. "చెప్పి నేను పక్కకి పోయాను, చూపించి పోయుంటే సరిపోను" అని మాత్రము అనెను.

1988లో జపానులో సుజుకి కంపెనీ ఒక చిన్న కారునకు విద్యుత్తుతో నడుచు స్టీరింగు పెట్టినది. నేడు అనేక కార్లలో స్టీరింగు ఆయిలే లేదు. కాని ఆయిలుతో నడుచు స్టీరింగు గల పికప్పులు మన మార్కెట్లకు కూరగాయలు మోయుచునే ఉన్నవి. బ్రేకు ఆయిలు అన్నింటిలోను ఉన్నది. కనుక ఇంట బండి ఉన్నవారు రెండు మూతలను గుర్తించి, పోయు వానికి చూపి చెప్పవలెను. ఘాటు దిగుటకు ముందు సమతలమున ఒకమారు బండిని దానంతట దానిని పోనిచ్చి చూడవలెను. ఎక్కిన గేరుతోనే దిగవలెను. డ్రైవరు "కదలనివ్వను" అన్ననాడు, ఎంత తొందరయున్నను, ఆ మాటను మన్నింపవలెను.